భాగం – 8: నమ్మకమైన సరకు, మారని రుచి – లాగర్ బీరు ఒక అధ్యయనం

విషయక్రమం
8.0 లక్ష్యాలు
8.1 ఉపోద్ఘాతం
8.2 లాగర్ అంటే ఏమిటి?
8.3 కల్లు – లాగర్: ఒక పోలిక
8.4 మారని రుచి వెనుక ఉన్న శాస్త్రం
8.5 పేరు మీద నమ్మకం: ఆర్థిక వివరణ
8.6 లభ్యత ఎవరి చేతిలో ఉంది?
8.7 నమ్మకానికి హద్దులు
8.8 సారాంశం
8.9 కీలక పదాలు
8.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

8.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• లాగర్ తయారీలోని ముఖ్య దశలను వివరించగలరు.
• ఒక సరకు ఎప్పుడూ ఒకేలా ఉండటానికి తోడ్పడే శాస్త్రీయ, వ్యాపార కారణాలను విడదీసి చెప్పగలరు.
• 'అనుభవ సరకు', 'సమాచార అసమానత', 'ఏకైక కొనుగోలుదారు' అనే భావనలను తెలంగాణ ఉదాహరణతో వివరించగలరు.
• 'నమ్మదగిన సరకు', 'హాని లేని సరకు' ఒకటి కాదని లెక్కలతో చూపగలరు.

8.1 ఉపోద్ఘాతం

వినియోగదారుడు ధరనూ నాణ్యతనూ బేరీజు వేసి సరకును ఎంచుకుంటాడని వెనుకటి భాగాలలో చదివారు. నిజ జీవితంలో చాలా కొనుగోళ్లు అలా జరగవు. ఉప్పు, సబ్బు, టీపొడి కొనేటప్పుడు మనం దుకాణం ముందు నిలబడి ఆలోచించం. పేరు చెబుతాం, డబ్బిస్తాం, తీసుకుంటాం. ఈ అలవాటు ఎలా ఏర్పడుతుంది? దానివల్ల మనకు లాభమెంత, నష్టమెంత? ఇదే ఈ భాగంలోని ప్రశ్న.

ఇందుకు ఉదాహరణగా లాగర్ బీరును తీసుకున్నాం. కారణం ఉంది. మే నెలలో వరంగల్‌లో ఎండ 43 డిగ్రీల దాకా వెళ్లే రోజుల్లో, సాయంత్రం హనుమకొండలోనో కాజీపేటలోనో ఏ వైన్స్ దగ్గర గమనించినా, కొనేవారు అడిగేవి రెండే మాటలు: ఒకటి బ్రాండు పేరు, రెండోది 'కూలింగ్ ఉందా?' అన్న ప్రశ్న. కొత్త రకాలు, ఖరీదైన రకాలు అరల్లో ఉన్నా, ఎక్కువమంది ఏళ్ల తరబడి తాగుతున్నదే తీసుకుంటారు. అది ప్రపంచంలోకెల్లా గొప్ప బీరని వారెవరూ అనరు. 'ఎప్పుడు తాగినా ఒకే తీరుగా ఉంటది' అంటారు. ఆ ఒక్క వాక్యంలో జీవశాస్త్రం, గణాంకశాస్త్రం, అర్థశాస్త్రం, ప్రభుత్వ విధానం కలిసి ఉన్నాయి.

ఈ పాఠం చదివేవారిలో తాగేవారు ఉండవచ్చు, ఎన్నడూ ముట్టనివారు ఉండవచ్చు, ఇంట్లో మరొకరి తాగుడు వల్ల కష్టపడినవారూ ఉండవచ్చు. ముగ్గురికీ ఈ విషయం తెలియవలసిందే. ఇది సిఫారసు కాదు, ప్రచారం కాదు. ఒక సరకు మన జీవితాల్లో ఎలా పాతుకుంటుందో తెలుసుకునే ప్రయత్నం.

8.2 లాగర్ అంటే ఏమిటి?

బీరుకు కావలసినవి నాలుగు: నీరు, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ (దీనినే మాల్ట్ అంటారు), హాప్స్ అనే తీగ మొక్క పూలు, ఈస్ట్. చాలా లాగర్లలో బియ్యం, మొక్కజొన్న వంటి గింజలనూ కొంత కలుపుతారు. దానివల్ల రుచి తేలికవుతుంది.

మాల్ట్‌ను పిండి చేసి సుమారు 62 నుంచి 72 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో నానబెడతారు. అప్పుడు గింజలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. ఈ తియ్యటి ద్రవాన్ని వడగట్టి, హాప్స్ వేసి గంటకు పైగా మరిగిస్తారు. హాప్స్ వల్ల చేదు, వాసన వస్తాయి. కొన్ని రకాల బాక్టీరియా పెరగకుండా అవి కాపాడతాయి కూడా. తరువాత ద్రవాన్ని చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలునూ, కార్బన్ డయాక్సైడునూ ఇస్తుంది.

ఇక్కడే రెండు దారులు చీలుతాయి. 'ఏల్' రకం బీరులో ఈస్ట్ మామూలు గది వేడిలో త్వరగా పనిచేసి, పండ్ల వాసనలను పోలిన వాసనలు ఇస్తుంది. లాగర్ ఈస్ట్ చలిని తట్టుకునే రకం. సుమారు 7 నుంచి 13 డిగ్రీల మధ్య మెల్లగా పనిచేసి పాత్ర అడుగుకు చేరుతుంది. ఆ తరువాత బీరును సున్నా డిగ్రీలకు దగ్గరగా కొన్ని వారాలు నిల్వ ఉంచుతారు. జర్మన్ భాషలో 'లాగర్' అంటే నిల్వచోటు. పేరు అలా వచ్చింది. ఈ చల్లని నిల్వలో ముతక వాసనలు తగ్గి, బీరు తేటపడుతుంది.

నేడు మనం చూసే బంగారు రంగు లాగర్‌కు మూలం బొహీమియాలోని పిల్సెన్ పట్టణం. అక్కడ 1842లో జోసెఫ్ గ్రోల్ అనే బవేరియా నిపుణుడు దీనిని తయారు చేశాడు. నేడు ప్రపంచంలో అమ్ముడవుతున్న బీరులో అత్యధిక భాగం ఈ కుటుంబానికి చెందినదే.

8.3 కల్లు – లాగర్: ఒక పోలిక

పులియబెట్టిన పానీయం తెలంగాణకు కొత్త కాదు. తాటికల్లు, ఈతకల్లు ఇక్కడి పల్లె జీవితంలో భాగం. గీత కార్మికుడు మోకు, ముత్తాదు కట్టుకుని చెట్టెక్కి, లొట్టిలో పట్టిన కల్లును దించుతాడు. గీసిన చోటా, లొట్టిలోనూ ఉండే సహజ ఈస్ట్‌లు, బాక్టీరియాలు చెట్టు మీదే పని మొదలుపెడతాయి. ఎవరూ విడిగా ఈస్ట్ కలపనక్కరలేదు.

అందుకే కల్లు గంటగంటకూ మారుతుంది. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మరుసటి రోజుకు పులిసి పుల్లబడుతుంది. ఏ చెట్టుది, ఏ కాలంలోది, ఎవరు గీసినది అన్నదాన్ని బట్టి రుచి మారుతుంది. దీనిని లోపం అనుకోకండి. తాగేవాడికి చెట్టూ తెలుసు, గీసినవాడూ తెలుసు. అక్కడ నమ్మకానికి ఆధారం మనిషి.

లాగర్ దీనికి పూర్తిగా ఎదురు చివర ఉంది. తాగేవాడికి తయారు చేసినవాడు తెలియదు, బార్లీ పండిన పొలం తెలియదు. వరంగల్‌లో దొరికే బీరులో చాలావరకు సంగారెడ్డి జిల్లాలోని పెద్ద బ్రూవరీల వంటి చోట్ల తయారై వస్తుంది. మనిషి స్థానంలో సీసా మీది పేరు నిలబడుతుంది.

నగరాలు పెరిగి, చెట్టుకూ తాగేవాడికీ మధ్య దూరం పెరిగినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ అయిన చోట క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులతో కల్తీ కల్లు పుట్టింది. 2025 జులైలో హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. ఇది చెట్టు మీది కల్లు తప్పు కాదు, గీత వృత్తి తప్పు కాదు. మనిషి మీది నమ్మకం తెగిపోయాక దాని స్థానంలో తనిఖీ ఏదీ రాకపోవడం వల్ల జరిగిన నష్టం. మూత బిగించిన సీసాకు ఆకర్షణ పెరగడానికి ఇది బలమైన కారణం. అందులో ఏముందో తాగేవాడికి ముందే తెలుసు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని ఐదు వాక్యాలలో రాసి, భాగం చివర ఇచ్చిన సమాధానంతో పోల్చుకోండి.
1. కల్లు రుచి రోజూ మారడానికి, లాగర్ రుచి మారకపోవడానికి కారణాలేమిటి?

8.4 మారని రుచి వెనుక ఉన్న శాస్త్రం

బార్లీ ప్రతి ఏడూ ఒకేలా పండదు. నీటిలోని లవణాలు ఊరూరికీ మారతాయి. ఈస్ట్ ప్రాణమున్న జీవి. దానికీ మార్పులు వస్తాయి. అయినా సీసాలోని రుచి మారకూడదు. పంతొమ్మిదో శతాబ్దం చివర ఈ చిక్కును విప్పే ప్రయత్నంలో పుట్టిన జ్ఞానం ఇతర శాస్త్రాలకూ ఉపయోగపడింది.

మొదటిది, సూక్ష్మజీవుల మీద పట్టు. లూయీ పాశ్చర్ 1876లో బీరు మీద ఒక గ్రంథం ప్రచురించి, బీరు చెడిపోవడానికి అనవసరమైన సూక్ష్మజీవులు కారణమని చూపాడు. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచాడు. ఆ సంస్థ దానిని దాచుకోకుండా ఇతర బ్రూవరీలకూ ఇచ్చింది. రసాయనశాస్త్రంలో మీరు చదివే పి.హెచ్. కొలమానాన్ని సోరెన్‌సెన్ 1909లో ప్రవేశపెట్టింది కూడా ఆ ప్రయోగశాలలోనే.

రెండోది, చలి మీద పట్టు. పూర్వం లాగర్ తయారీకి చలికాలమో, మంచు నింపిన నేలమాళిగలో కావాలి. కార్ల్ వాన్ లిండే 1870లలో బ్రూవరీల కోసం శీతలీకరణ యంత్రాలను రూపొందించాడు. దానితో లాగర్ వేడి దేశాలకూ వచ్చింది. శీతల యంత్రం లేకుంటే తెలంగాణ వేసవిలో లాగర్ తయారీ ఊహకైనా అందదు.

మూడోది, కొలతల మీద పట్టు. డబ్లిన్‌లోని గిన్నిస్ బ్రూవరీలో (వారు చేసేది లాగర్ కాదు, స్టౌట్) పనిచేసిన విలియం గాసెట్, కొద్దిపాటి నమూనాలతోనే సరకు నాణ్యతను ఎలా అంచనా వేయాలన్న సమస్యను ఎదుర్కొన్నాడు. 1908లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో ఆయన రాసిన వ్యాసం నుంచే, గణాంకశాస్త్రంలో మీరు కష్టపడి నేర్చుకునే టి-పరీక్ష వచ్చింది.

నేటి బ్రూవరీలో ఇవన్నీ రోజువారీ పనులు. సీసాలో నింపిన బీరును సుమారు 60 డిగ్రీల వేడికి గురిచేసి పాశ్చరైజ్ చేస్తారు. ఆక్సిజన్ చేరితే రుచి పాడవుతుంది కనుక దానిని వీలైనంత తొలగిస్తారు. వెలుతురు తగిలితే హాప్స్ పదార్థాలు మారి దుర్వాసన వస్తుంది కనుక గోధుమరంగు సీసా వాడతారు. ఇంత చేసినా దుకాణదారు పెట్టెలను ఎండలో పెడితే బ్రూవరీ పడిన శ్రమంతా వృథా. నమ్మకమైన సరకు కావాలంటే గొలుసులోని ప్రతి కడియం గట్టిగా ఉండాలి.

8.5 పేరు మీద నమ్మకం: ఆర్థిక వివరణ

కొన్ని సరకుల నాణ్యతను కొనకముందే చూసి తెలుసుకోవచ్చు: చీర, కుర్చీ వంటివి. కొన్నింటిని వాడితే కాని తెలియదు. ఫిలిప్ నెల్సన్ అనే ఆర్థికవేత్త 1970లో ఈ రెండో రకాన్ని 'అనుభవ సరకులు' అన్నాడు. బీరు అటువంటిది. మూత తీశాక బాగాలేదని తిరిగి ఇవ్వలేం.

అదే సంవత్సరం జార్జి అకెర్లాఫ్ మరో సంగతి చూపాడు. అమ్మేవాడికి తెలిసినది కొనేవాడికి తెలియనప్పుడు, చెడు సరకు మంచి సరకును మార్కెట్టు నుంచి తరిమేసే ప్రమాదముంది. దీనిని 'సమాచార అసమానత' అంటారు. ఈ కృషికి ఆయన 2001లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందాడు. ఈ అసమానతకు ఒక విరుగుడు బ్రాండు పేరు. పేరును నిలబెట్టుకోవడానికి సంస్థ పెట్టిన ఖర్చు, కొనేవాడికి ఒక రకమైన పూచీకత్తు.

ఇక హెర్బర్ట్ సైమన్ చెప్పినదేమిటంటే, మనిషి అన్నిటికన్నా ఉత్తమమైనదాని కోసం చివరిదాకా వెతకడు. 'చాలు, ఇది బాగానే ఉంది' అనిపించిన చోట ఆగుతాడు. రోజంతా పనిచేసి అలసినవాడు సాయంత్రం కొత్త ప్రయోగానికి డబ్బు పెట్టడు. తెలియని సీసాలో మరింత మంచి రుచి ఉండవచ్చు, అసలు నచ్చకపోవచ్చు. తెలిసిన సీసాలో ఆ అనిశ్చితి లేదు. పదిమంది కూర్చునే దావత్‌కు ఇది మరీ వర్తిస్తుంది. ఎవరికీ అభ్యంతరం లేనిదే అక్కడ అందరికీ తగినది.

మన ప్రాంతంలో ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ కింగ్‌ఫిషర్, అంటే లకుముకి పిట్ట. దీని యజమాని యునైటెడ్ బ్రూవరీస్ 1915లో దక్షిణ భారతంలోని చిన్న బ్రూవరీల కలయికతో ఏర్పడింది. నేటి కింగ్‌ఫిషర్ బ్రాండు 1978లో వచ్చింది. 2021లో నెదర్లాండ్స్‌కు చెందిన హైనెకెన్ ఈ కంపెనీలో మెజారిటీ వాటా పొందింది. అదే పిట్ట పేరుతో 2005లో మొదలైన విమానయాన సంస్థ 2012లో మూతపడింది. అయినా బీరు అమ్మకాలు సాగుతూనే ఉన్నాయి. తాగేవాడి నమ్మకం యజమాని మీద కాదు, తన నాలుకకు అలవాటైన సరకు మీద అని దీనివల్ల తెలుస్తోంది.

మరి ఆ నాలుక ఎంతవరకు నమ్మదగినది? అమెరికాలో ఆలిసన్, ఊల్ అనే పరిశోధకులు 1964లో ప్రచురించిన ప్రయోగాన్ని గమనించండి. పేర్లు తొలగించిన సీసాలు ఇచ్చినప్పుడు తాగేవారు తమ బ్రాండును గుర్తించలేకపోయారు. పేర్లు కనబడగానే తమ బ్రాండుకే ఎక్కువ మార్కులు వేశారు. కాబట్టి మనం 'రుచి' అంటున్నదానిలో పేరుకూ, అలవాటుకూ పెద్ద వాటా ఉంది. దూరదర్శన్, కేబుల్ ప్రసారాలలో మద్యం ప్రకటనలకు అనుమతి లేకపోయినా, అదే పేరుతో మంచినీళ్లు, సోడా వంటి సరకుల ప్రకటనలు ఎందుకు వస్తాయో ఇప్పుడు మీరే చెప్పగలరు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
2. బీరును 'అనుభవ సరకు' అని ఎందుకంటారు?

8.6 లభ్యత ఎవరి చేతిలో ఉంది?

సరకు ఎంత నిలకడగా ఉన్నా, దొరక్కపోతే నమ్మకం నిలవదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం మత్తు పానీయాలు రాష్ట్రాల అధికార పరిధిలోనివి. తెలంగాణలో తయారీదారు నేరుగా దుకాణానికి అమ్మలేడు. రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్‌కే అమ్మాలి. దుకాణాలు కార్పొరేషన్ డిపోల నుంచే కొనాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో ఏర్పడిన కార్పొరేషన్‌తో మొదలైన పద్ధతి ఇది. అర్థశాస్త్ర పరిభాషలో కార్పొరేషన్ 'ఏకైక కొనుగోలుదారు'. రాష్ట్రంలోని 2,620 మద్యం దుకాణాలకు లైసెన్సులను దరఖాస్తుల మీద లాటరీ తీసి, రెండేళ్లకొకసారి ఇస్తారు. వీటిలో 15 శాతం గౌడ కులస్థులకు, 10 శాతం షెడ్యూల్డు కులాలకు, 5 శాతం షెడ్యూల్డు తెగలకు కేటాయించారు.

ఈ ఏర్పాటు ఎక్కడ ఒత్తిడికి గురవుతుందో 2025 జనవరిలో బయటపడింది. జనవరి 8న యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు బీరు సరఫరా నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. 2019–20 తరువాత మూల ధర పెంచలేదనీ, రావలసిన బకాయిలు పేరుకుపోయాయనీ కంపెనీ వాదన. కంపెనీ 33 శాతానికి పైగా పెంపు కోరుతోందనీ, ఒత్తిడికి లొంగబోమనీ ప్రభుత్వం వాదన. జనవరి 20న సరఫరా తిరిగి మొదలైంది. ఫిబ్రవరిలో ప్రభుత్వం, విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన గల కమిటీ సిఫారసు మేరకు, బీరు ధరను 15 శాతం పెంచింది.

ఇక్కడ ఇద్దరు బలవంతులు ఎదురెదురుగా నిలిచారు. ఒకవైపు ఒకే కొనుగోలుదారు, మరోవైపు జనం పేరు పెట్టి అడిగే సరకు గల అమ్మకందారు. కంపెనీ బేరమాడే శక్తి దాని యంత్రాలలో లేదు. మన అలవాటులో ఉంది. చివరికి పెరిగిన ధరను చెల్లించింది ఆ గదిలో లేని మూడోవాడు, అంటే వినియోగదారుడు.

లభ్యత ఎప్పుడూ మేలేనా? ఉమ్మడి రాష్ట్ర చరిత్ర వేరే సంగతి చెబుతుంది. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్లలో సారా సరఫరా చేసింది. తేలికగా, నిలకడగా, ప్రతి ఊళ్లో దొరికింది. కూలి డబ్బు ఇల్లు చేరకముందే ఖర్చయింది. అక్షరాస్యతా తరగతుల నుంచి చైతన్యం పొందిన నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు, రోశమ్మ ముందుండగా, 1992లో సారా మీద పోరాటం మొదలుపెట్టారు. ఫలితంగా 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తివేశారు. ఒకరికి సౌకర్యంగా కనిపించే లభ్యత మరొకరి వంటింట్లో పొయ్యి ఆరిపోవడానికి కారణం కావచ్చు. లైసెన్సు లేని బెల్టు షాపుల మీద పల్లె మహిళలు నేటికీ గొంతెత్తుతున్నది ఇందుకే.

8.7 నమ్మకానికి హద్దులు

సంప్రదింపు తరగతులలో ఈ అంశం వచ్చినప్పుడల్లా నాకు వినబడే మాటలు మూడు. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

'బీరు మందు కాదు.' లెక్క వేద్దాం. పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు. ఆల్కహాలు 5 శాతమైతే అందులో 32.5 మి.లీ., అంటే దాదాపు 26 గ్రాముల ఆల్కహాలు ఉంది. నిబంధనల ప్రకారం స్ట్రాంగ్ బీరులో 8 శాతం వరకు ఉండవచ్చు. అప్పుడు 52 మి.లీ., అంటే సుమారు 41 గ్రాములు. 42.8 శాతం గల విస్కీ 60 మి.లీ. పెగ్గులో ఉండేది సుమారు 20 గ్రాములే. అంటే 8 శాతం స్ట్రాంగ్ బీరు ఒక సీసా రెండు పెద్ద పెగ్గులతో సమానం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం నడిపేవారి రక్తంలో 100 మి.లీ.కు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక్క స్ట్రాంగ్ సీసా చాలామందిని ఆ హద్దు దాటిస్తుంది.

'బీరు చలువ చేస్తుంది.' చల్లదనం, బుడగలు నోటికి, గొంతుకు తక్షణం హాయినిస్తాయి. చల్లదనం వల్ల చేదు కూడా తక్కువగా తెలుస్తుంది. కాని నీటిని నిలిపి ఉంచమని మూత్రపిండాలకు చెప్పే హార్మోనును ఆల్కహాలు అణచివేస్తుంది. మూత్రం ఎక్కువై శరీరం నీటిని కోల్పోతుంది. ఎండదెబ్బకు విరుగుడు నీళ్లు, మజ్జిగ, ఉప్పు–చక్కెర ద్రావణం, బీరు కాదు.

'బీరు తాగితే కిడ్నీలో రాళ్లు పోతాయి.' మూత్రం ఎక్కువగా రావడం చూసి పుట్టిన నమ్మకమిది. బీరు రాయిని కరిగించదు. నొప్పితో బీరు తాగుతూ వైద్యుని దగ్గరకు వెళ్లడం ఆలస్యం చేస్తే మూత్రపిండానికే ముప్పు.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే మద్య పానీయాలను మానవులలో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమనదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. ఇందులో బీరుకు మినహాయింపు లేదు. కల్తీ లేకపోవడం ఒకటి, హాని లేకపోవడం మరొకటి. సీసా మీది పేరు మొదటిదానికి హామీ, రెండోదానికి కాదు.

ఖర్చు సంగతీ చూడండి. సీసా ధర 180 రూపాయలనుకుందాం. వారానికి మూడు సీసాలైతే ఏడాదికి 28,080 రూపాయలు. ఈ అంకెను మీ ఇంటి అద్దె, పిల్లల ఫీజుల పక్కన రాసి చూడండి. మీకుగాని మీ ఇంటివారికిగాని తాగకుండా ఉండటం కష్టమవుతోందనిపిస్తే, ప్రభుత్వ టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అడగడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

8.8 సారాంశం

లాగర్ చలిలో, అదుపులో పులిసే బీరు. శుద్ధమైన ఈస్ట్, శీతల యంత్రం, గణాంక పద్ధతులు దానికి మారని రుచినిచ్చాయి. అనుభవ సరకుల విషయంలో బ్రాండు పేరు అనిశ్చితిని తగ్గిస్తుంది. అందుకే జనం 'గొప్పదాని' కంటే 'తెలిసినదాన్ని' కోరుకుంటారు. ఈ అలవాటు ప్రభుత్వంతో బేరమాడే శక్తిని కంపెనీకి ఇస్తుంది. నిలకడైన సరకు నిలకడగా హాని కూడా చేయగలదు. పేరు చూసి కొనే ప్రతి సరకు విషయంలోనూ అది దేనికి హామీ ఇస్తోంది, దేనికి ఇవ్వడం లేదు అని అడగడం వినియోగదారుని మొదటి బాధ్యత.

8.9 కీలక పదాలు

అనుభవ సరకు: వాడిన తరువాతనే నాణ్యత తెలిసే సరకు.
సమాచార అసమానత: అమ్మేవారికి, కొనేవారికి సరకు గురించి సమానంగా తెలియకపోవడం.
ఏకైక కొనుగోలుదారు: మార్కెట్టులో అమ్మకందారులందరూ తమ సరకును అమ్మవలసిన ఒకే ఒక్క సంస్థ.
పాశ్చరైజేషన్: సూక్ష్మజీవులను నశింపజేయడానికి పదార్థాన్ని నిర్ణీత వేడికి, నిర్ణీత సమయం గురిచేయడం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు
1. కల్లు చెట్టు మీద ఉన్నప్పుడే సహజ ఈస్ట్‌లు, బాక్టీరియాల వల్ల పులియడం మొదలవుతుంది. ఆ మార్పు దించిన తరువాతా ఆగదు. చెట్టు, కాలం మారినా రుచి మారుతుంది. లాగర్‌లో ఎంపిక చేసిన ఈస్ట్‌నే వాడతారు. వేడిని, సమయాన్ని అదుపులో ఉంచుతారు. పాశ్చరైజ్ చేయడంతో మార్పు ఆగిపోతుంది.
2. చూసి నాణ్యత తెలుసుకోలేం; తాగిన తరువాతనే తెలుస్తుంది కనుక.

8.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లాగర్ రుచి మారకుండా ఉండటానికి తోడ్పడిన శాస్త్రీయ ఆవిష్కరణలను వివరించండి.
2. 2025 జనవరి సరఫరా వివాదాన్ని 'ఏకైక కొనుగోలుదారు' భావనతో విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సారా వ్యతిరేక ఉద్యమం 'లభ్యత' గురించి నేర్పే పాఠం ఏమిటి?
2. 'కల్తీ లేని సరకు హాని లేని సరకు కాదు.' చర్చించండి.
3. మీ ఇంట్లో పేరు చూసి కొనే ఏదైనా ఒక సరకును ఎంచుకుని, ఆ పేరు మీకు ఇస్తున్న హామీ ఏమిటో, ఇవ్వనిది ఏమిటో రాయండి.